కోడూరు లైనులో దొరకని లోపం

2001 వేసవి చివర్లో నన్ను మచిలీపట్నం నుంచి అవనిగడ్డకు సబ్ డివిజనల్ ఇంజనీరుగా వేశారు. ప్రభుత్వ శాఖగా ఉన్న మా టెలిఫోన్లు అప్పుడే కంపెనీగా మారాయి. బోర్డులు మారాయి, రబ్బరు స్టాంపులు మారాయి, కుర్చీలు మాత్రం పాతవే. నా కింద అవనిగడ్డ, మోపిదేవి, నాగాయలంక, కోడూరు ఎక్స్ఛేంజీలు, ఇద్దరు జూనియర్ టెలికాం ఆఫీసర్లు, కొందరు లైన్‌మెన్లు, ఎక్కేముందు తొయ్యాల్సిన జీపు ఒకటి ఉండేవి.

దివిసీమకు ఇంటర్నెట్ తెచ్చింది నేనే. ఈ మాట పెళ్ళిళ్ళ భోజనాల దగ్గర చాలాసార్లు చెప్పాను, ఎవరూ కాదనలేదు. ఇప్పుడు అచ్చులో పడుతోంది కనుక సరిదిద్దుకోక తప్పదు. ఫైబర్ కేబుల్ నేను రాకముందే వేశారు. ఇంటర్నెట్ విజయవాడ నుంచి దానంతటదే వచ్చింది. నేను కొబ్బరికాయ కొట్టాను. అదీ రెండో దెబ్బకు పగిలింది.

ఈ కాలం పాఠకులకు అప్పటి పద్ధతి కొంచెం చెప్పాలి. ఇంటర్నెట్ అంటే మామూలు ఫోను తీగే. కంప్యూటరుకీ ఆ తీగకీ మధ్య మోడెం అనే పెట్టె ఉంటుంది. అది మన తరఫున ఒక నంబరుకు డయల్ చేస్తుంది, అవతలి మోడెంతో కీచుగా, బొంగురుగా కాసేపు అరుచుకుంటుంది, ఇద్దరికీ రాజీ కుదిరితే కనెక్షన్ వచ్చినట్టు. ఆ తర్వాత ఫోను పనిచెయ్యదు. మాట్లాడాలంటే నెట్ మానాలి, నెట్ కావాలంటే మాట మానాలి. బొమ్మ తెరిస్తే నుదురు కనపడిన చాలాసేపటికి గడ్డం కనపడేది. వీడియో అయితే తపాలా బిళ్ళంత కిటికీలో నాలుగు అడుగులు వేసి ఆగేది, ఆగినచోట బఫరింగ్ అని రాసి ఉండేది. అది ఏ యంత్రం పేరో అనుకుని, బఫరింగ్ కాలిపోయిందేమో కొత్తది వెయ్యమని నాకు ఫోను చేసినవాళ్ళున్నారు.

మనిషి గొంతు మోయడానికి వేసిన రాగి తీగ అది. ఉప్పుగాలికి జాయింట్లు పచ్చగా చిలుము పట్టే ఊళ్ళలో ఆ తీగ మీద సినిమా చూపించమంటే ఎలా? ఈ ప్రశ్న నేను పై అధికారులను నిలదీసి అడిగాను. అంటే, జీపులో ఒంటరిగా ఉన్నప్పుడు అడిగాను.

మచిలీపట్నంలోని మా డివిజనల్ ఇంజనీరు గారికి ఆ వేసవిలో వేరే ఉత్సాహం పట్టుకుంది. కంపెనీ అయ్యాం కనుక చందాదార్లకు సౌకర్యాలివ్వాలి. ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజీల్లో ఉన్న ప్రతి ఫోనుకూ కాల్ వెయిటింగ్ ఉచితంగా పెట్టమన్నారు. మీరు ఒకరితో మాట్లాడుతుండగా ఇంకొకరు ఫోన్ చేస్తే, వాళ్ళకు ఎంగేజ్ టోనుకు బదులు రింగు వినిపిస్తుంది, మీ చెవిలో చిన్న కూత పడుతుంది, అంతే. ముందు అందరికీ పెట్టేసి, ఆ తర్వాత కోడూరు ఎక్స్ఛేంజి దగ్గర షామియానా వేసి దీని మీద నేను ఉపన్యాసం ఇచ్చాను. జనం విరగబడి వచ్చారని రాద్దామనుకున్నాను. ముందు వరుసలో మా లైన్‌మెన్లే కూర్చున్నారు.

వాళ్ళ వెనక వరుసలో, నోటుపుస్తకం లేకపోయినా ప్రశ్నలున్న ఒకే ఒక్క చందాదారు నాగరత్నం గారు. కోడూరులో ఇల్లు, ఊరవతల సముద్రం వైపు రొయ్యల చెరువులు. చల్లపల్లి వెళ్ళి కంప్యూటరు కోర్సు చేసి, ఇంట్లో కంప్యూటరు పెట్టి, రొయ్యల ధర బయటి ఊళ్ళలో ఎంత పలుకుతోందో నెట్‌లో చూసి, గట్టు మీదకొచ్చిన కొనుగోలుదార్లతో బేరమాడే మనిషి. ఆవిడ భర్త వీరరాఘవయ్య గారికి కంప్యూటరంటే గిట్టదు. ఆయన పగలంతా చెరువు గట్టునే. కంప్యూటరు ఆవిడది, చెరువు ఆయనది, నష్టమొస్తే ఇద్దరిదీ.

సభ అయ్యాక ఆవిడ నన్ను పట్టుకున్నారు.

"ఇంజనీరు గారూ, కూతలూ గీతలూ తర్వాత చెబుదురుగాని. ఈమధ్య నా నెట్టు గంటకోసారి తెగిపోతోంది. దాని సంగతి చూడండి."

చూశాం. లైన్‌మన్ ఏడుకొండలు వెళ్ళి స్తంభం నుంచి ఇంటికి వచ్చే డ్రాప్ వైరు మార్చాడు. మర్నాడు గోడ మీద ఫోను తీగ తగిలించే రోజెట్ పెట్టె మార్చాడు. ఎక్స్ఛేంజిలో కూర్చుని నేను లైను టెస్టు చేశాను. తీగకూ భూమికీ మధ్య కరెంటు కారడం లేదు, రెండు తీగలూ ఒకదానికొకటి తగలడం లేదు, గరగర లేదు. లైను గాజులా ఉంది. అయినా తెగుతోంది.

ఒకరోజు నేనే వాళ్ళింటికి వెళ్ళి మోడెం ముందు కూర్చున్నాను. వీరరాఘవయ్య గారు భోజనానికి వచ్చి ఉన్నారు. ఆయన తిని, కాస్త నడుం వాల్చి లేచేదాకా కనెక్షన్ చెక్కుచెదరలేదు. నేను లేచి, చేతులు దులుపుకుని, బాగైందని ప్రకటించాను. నేను అవనిగడ్డ చేరేసరికి మళ్ళీ తెగిందని ఫోను.

"చిత్రమేంటంటే అండీ," అన్నారు మర్నాడు ఏడుకొండలుతో మళ్ళీ వెళ్ళినప్పుడు నాగరత్నం గారు, "మా ఆయన ఇంట్లో ఉంటే తెగదు. ఆయన గుమ్మం దాటితే మొదలు."

"అయ్యగారి పాదం మంచిది సార్," అన్నాడు ఏడుకొండలు.

"మంచి పాదమైతే చెరువు దగ్గరుంటేనే మేలు," అన్నారావిడ.

ముగ్గురం నవ్వుకున్నాం. ఒక ఇంజనీరు నవ్వకూడని చోట నవ్వడమంటే అదే.

ఆ తర్వాత కొద్ది వారాలకు చుట్టుపక్కల చెరువుల్లో తెల్లమచ్చ కనపడింది. ఇది టైగర్ రొయ్యకు వచ్చే వైరస్ జబ్బు. పెంకు మీద తెల్లటి చుక్కలు వేస్తుంది, రొయ్య మేత మానేసి గట్టుకు వస్తుంది, ఆ మీదట రెండు మూడు రోజుల్లో చెరువంతా తుడిచిపెట్టుకుపోతుంది. మందు లేదు. తెలిసిన క్షణమే వల వేసి పట్టుబడి చేస్తే పెట్టుబడి చేతికొస్తుంది. అయితే చిక్కేమిటంటే, నీళ్ళల్లో ఉప్పు, సున్నం ఎక్కువైనా పెంకు మీద అలాంటి మచ్చలే వస్తాయట. జబ్బు లేకుండా భయపడి పట్టేస్తే, ఇంకో మూడు వారాల్లో బరువెక్కాల్సిన రొయ్యను పిందె ధరకు అమ్ముకున్నట్టు. పట్టాలా, ఆగాలా? నాగరత్నం గారి చెరువులో మచ్చల రొయ్యలు కనపడిన రోజు వాళ్ళ ముందున్న ప్రశ్న ఇది. ఆ ఏటి సంసారమంతా ఆ చెరువులోనే ఉంది.

నెల్లూరులో రొయ్యల జబ్బులు చూసే డాక్టరు ఒకాయన ఉండేవారు. శాంపిల్ బస్సులో పంపారు, రిపోర్టుకు రోజులు పడుతుంది. ఫోటోలు మెయిల్‌లో పంపారు. ఫోటోలో మచ్చ కనపడుతుంది కానీ రొయ్య నడక కనపడదు, వీడియో పంపండి, అది ఎలా ఈదుతోందో, తాకితే ఎలా దూకుతోందో చూసి చెబుతాను అన్నారాయన.

నాగరత్నం గారి దగ్గర విజయవాడలో కొన్న చిన్న కెమేరా ఉంది. దాని తీగ పొట్టిది, కంప్యూటరు బల్ల దాటదు. అందుకని రొయ్యలే బేసిన్‌లో ఇంట్లోకి వచ్చాయి. తెల్ల ఎనామిల్ బేసిన్ బల్ల మీద పెట్టి, ముందు నేరుగా చూపిద్దామని ప్రయత్నించారు. డాక్టరు గారికి మొదటి బొమ్మ ఒక్కటి వెళ్ళి అక్కడే గడ్డకట్టింది. కదలని రొయ్యను చూసి ఆయన చచ్చిపోయిందా అని అడిగారట. ఇక లాభం లేదని చిన్న వీడియో తీసి, కుదించి, మెయిల్‌కు తగిలించి పంపడం మొదలుపెట్టారు. ఎంత వెళ్ళిందో తెర మీద చూపే నీలం గీత ముప్పావు వంతు నిండేది. తెగేది. తెగితే మిగిలిన పావు పంపితే చాలదు, మళ్ళీ సున్నా నుంచి రావాలి.

మర్నాడు పొద్దున్నే నాకు ఫోను.

"ఇంజనీరు గారూ, ఇవాళ నెట్టు నిలబడకపోతే మేం నిలబడం. మీరేం చేస్తారో మీ ఇష్టం."

జీపు తోసుకుని కోడూరు వెళ్ళాం. లైను మొత్తం మార్చేశాను. ఎక్స్ఛేంజిలో ఆవిడ నంబరును వేరే కార్డు మీదకు ఎక్కించాను, కేబుల్‌లో వేరే తీగల జత ఇచ్చాను, దారిలోని పెట్టెల్లో జాయింట్లన్నీ గీకించాను. స్వయంగా స్తంభమెక్కాను. సరే, నిచ్చెన పట్టుకున్నాను, ఎక్కింది ఏడుకొండలు. ఎంత చేసినా తెగుతూనే ఉంది. పైగా పూర్వం గంటకోసారి తెగేది, ఇప్పుడు ఊపిరి తీసుకునేలోపల తెగుతోంది. లోపం ముదురుతోందనుకున్నాను. ఉప్పు ఎక్కడో కేబుల్ లోపలికి దిగిందని, రోడ్డు తవ్వాలని కూడా తేల్చాను. మచిలీపట్నం ఫోన్ చేస్తే డివిజనల్ ఇంజనీరు గారు ముందు కాల్ వెయిటింగ్ ఎందరికి పెట్టారో చెప్పండి అన్నారు. అందరికీ పెట్టానండీ అన్నాను. శభాష్ అన్నారు. తవ్వడానికి కూలీల సంగతి మాత్రం చెప్పలేదు.

మధ్యమధ్య ఎక్స్ఛేంజి నుంచి ఆవిడకు నేను ఫోన్ చేస్తూనే ఉన్నాను. రింగు వినిపించేది, ఆవిడ ఎత్తేవారు.

"పోయిందాండీ?"

"ఇప్పుడే తెగిందండీ! ముప్పావు దాటింది!"

ఏడుకొండలు వైపు తిరిగి, చూశావా, ఫోన్ చేసేసరికే తెగింది అని తల పట్టుకునేవాణ్ణి. ఈ వాక్యం పాఠకులు కాస్త గుర్తుపెట్టుకోవాలి. అప్పుడు నేను పెట్టుకోలేదు.

పదకొండు దాటాక నాగరత్నం గారు ఒక పని చెప్పారు. "మీ జీపు అటు వెళ్తుందా? మా ఆయనకు ఒక్క మాట చెప్పండి. వీడియో ఇంకా వెళ్ళలేదు, ఎవరో చెప్పారని ఏ మందూ చల్లొద్దని. కబురు చెప్దామంటే ఫోను నేను వదల్లేను."

చెరువులు ఊరికి కాస్త దూరం. గట్టు మొదట్లో ఒక బడ్డీ కొట్టు, దాని గుంజకు కాయిన్ బాక్సు ఫోను. అందులో రూపాయి బిళ్ళ వేసి డయల్ చెయ్యాలి. అవతల ఎత్తితే బిళ్ళ డబ్బాలోకి పోతుంది, ఎత్తకపోతే తిరిగి కింది గిన్నెలో పడుతుంది. వీరరాఘవయ్య గారు ఆ ఫోను పక్కనే ఉన్నారు. పంచె మోకాళ్ళ దాకా తడిసి ఉంది. నేను ఆవిడ కబురు చెప్పాను.

"మందు చల్లడానికి నేనేమన్నా పిచ్చోణ్ణాండీ? అన్నీ బాగానే ఉన్నాయని ఆవిడకి తెలుసు. ఇప్పుడే రింగిచ్చాను."

"రింగా?"

"ఒక రింగిస్తే నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు తిరుగుతున్నాయని. రెండిస్తే డీజిలు అయిపోయిందని. మూడిస్తే పరిగెత్తుకు రమ్మని. ఎత్తే పని లేదు, మాట్లాడే పని లేదు. ఈ చుట్టుపక్కల చెరువులన్నిటికీ ఇంతే కదండీ. ఇదిగో, సీజన్ మొదట్నుంచీ ఇదే బిళ్ళ." చొక్కా జేబులోంచి రూపాయి తీసి చూపించారు. వాడి వాడి అరిగి మెరుస్తోంది.

"రింగు వెళ్ళే సమస్యే లేదండీ," అన్నాను. "ఆవిడ పొద్దున్నుంచీ నెట్‌లో ఉన్నారు. లైను ఖాళీ లేదు. మీకు ఎంగేజ్ వస్తుంది."

"వెళ్ళిందండీ."

"వెళ్ళదండీ."

"నా చెవులు నావి కాదా అండీ? పూర్వం గంటకోసారి ఇచ్చేవాణ్ణి. ఈ మచ్చలొచ్చిన కాణ్ణుంచీ ఆవిడ కంగారు పడుతోందని గట్టు చుట్టొచ్చినప్పుడల్లా ఇస్తున్నాను. ఒక్కటి కూడా తప్పిపోలేదు."

"మీరు ఫోను రైతులా, రొయ్యల రైతులా? టెలిఫోన్ల సంగతి నాకు చెప్తారేంటండీ!"

నేను అంత పరుషంగా మాట్లాడే మనిషిని కాను. నిజానికి మాట్లాడతాను, కానీ చందాదార్లతో కాదు. ఆయన ఫోను వైపు తిరిగారు. బిళ్ళ వేశారు, ఇంటి నంబరు తిప్పారు, రిసీవరు నా చెవికి పెట్టారు.

రింగు వెళ్తోంది. ఖాళీ లేని లైనుకు, మోడెం పట్టుకుని కూర్చున్న లైనుకు, నింపాదిగా, ఏ లోపమూ లేకుండా రింగు వెళ్తోంది. ఒకటి వినగానే ఆయన కొక్కెం నొక్కేశారు. బిళ్ళ ఠంగుమని గిన్నెలో పడింది.

"వెళ్ళిందా, లేదా?"

వెళ్ళింది. ఎందుకు వెళ్ళదు? దానికి కాల్ వెయిటింగ్ పెట్టింది నేను. ఆయన ఇక్కడ ఒక రింగు ఇచ్చినప్పుడల్లా అక్కడ ఆవిడ లైనులో ఒక కూత పడుతోంది. మనిషి చెవిలో పడితే అది చిన్న కూత. మోడెంకు అది కత్తి. రెండు మోడెంలు మాట్లాడుకునే మాటల మధ్య ఆ కూత దూరితే, అవతలివాడు ఫోను పెట్టేశాడనుకుని ఇవతలిది కూడా పెట్టేస్తుంది. ఆయన ఒక రింగుకే ఆపుతారు కనుక ఇంట్లో ఫోను మోగదు. నెట్‌లో ఉంటే ఫోను మోగదని ఆవిడకు తెలుసు కనుక ఆవిడ ఎదురుచూడరు. రింగు విన్నారు కనుక ఈయన నిశ్చింత. ఆవిడ కంగారు తీర్చడానికి ఈయన రింగులు పెంచిన కొద్దీ ఆవిడ వీడియో తెగుతోంది. ఆయన భోజనానికి ఇంటికొస్తే రింగిచ్చేవాడే లేడు కనుక నెట్ నిలబడుతోంది. మంచి పాదమట!

ఎక్స్ఛేంజి నుంచి నేను చేసిన ఫోన్లు కూడా అప్పుడు గుర్తొచ్చాయి. తెగాక నేను చెయ్యలేదు. నేను చెయ్యడం వల్లే తెగింది, తెగాక మోగింది, ఆవిడ ఎత్తి ఇప్పుడే తెగిందని చెప్పారు. అలా ఒక్కసారి జరిగింది. ఒక్కసారి కాదు, ఎన్నిసార్లు పోయిందా అని అడిగానో అన్నిసార్లూ.

"ఆ బిళ్ళ ఇలా ఇవ్వండి," అన్నాను. ఎక్స్ఛేంజికి డయల్ చేసి, జూనియర్ టెలికాం ఆఫీసరుకు ఆవిడ నంబరు చెప్పి, దాని మీద కాల్ వెయిటింగ్ తక్షణం తీసెయ్యమన్నాను. టెర్మినల్ మీద ఒక్క లైను కమాండు, అంతే. ఎక్స్ఛేంజివాళ్ళు ఎత్తి మాట్లాడారు కదా, బిళ్ళ డబ్బాలోకి జారిపోయింది.

"నా బిళ్ళ!" అన్నారు వీరరాఘవయ్య గారు. ఆ రోజంతటిలో ఆయన గొంతు బాధగా వినపడింది అక్కడే. ఇంకో రూపాయి ఇస్తే, ఇది పాతది కాదుగా అన్నట్టు చూసి తీసుకున్నారు. ఇకనుంచి ఆవిడ నెట్‌లో ఉంటే మీకు ఎంగేజే వస్తుందని, అది మంచి లక్షణమేనని చెప్పి కోడూరులో వాళ్ళింటికి వచ్చేశాను.

నేను వచ్చేసరికి నీలం గీత ముప్పావు దాటింది. అక్కడినుంచి ముందుకూ వెళ్ళింది. నిండింది. మెయిల్ వెళ్ళినట్టు తెర మీద అక్షరాలు పడ్డాయి. బేసిన్‌లో రొయ్యలు తప్ప ఆ గదిలో ఏదీ కదల్లేదు.

ఇక డాక్టరు గారి జవాబు కోసం కూర్చున్నాం. ఆవిడ నెట్ వదలకుండా మెయిల్ పెట్టెను మళ్ళీ మళ్ళీ తెరుస్తున్నారు. రాలేదు. ఆయన కంప్యూటరులో వీడియో చూపే సాఫ్ట్‌వేరు ఉందో లేదో అని నేనో అనుమానం వదిలాను. అది ఉపయోగపడే అనుమానం కాదు. ఆవిడ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

ఇంతలో బయట మోపెడ్ చప్పుడు. వీరరాఘవయ్య గారు చెప్పులు విడవకుండానే లోపలికి వచ్చేశారు.

"మూడు రింగులిద్దామంటే ఒక్కటీ వెళ్ళదు! ఎంగేజు, ఎంగేజు! మంచి లక్షణమంటారేంటండీ ఈయన? పడమటి గట్టుకి రొయ్య వచ్చేస్తోంది!"

"డాక్టరు గారి మెయిల్ రావాలి కదండీ," అన్నారావిడ.

"మీరిద్దరూ దాని ముందు కూర్చోండి. ఈలోపల రొయ్య అడ్రసు వెతుక్కుంటూ ఇక్కడికే వస్తుంది."

ఎంగేజు అన్న మాట నా చెవిలో ఆలస్యంగా పడింది. ఈయనకు ఎంగేజు వస్తే నెల్లూరుకూ వస్తుంది. వీడియో చూసిన డాక్టరు తొందర పని అయితే టైపు కొడుతూ కూర్చుంటాడా?

"అమ్మా, నెట్ తీసెయ్యండి," అన్నాను.

"తీస్తే మెయిలెలా వస్తుంది?"

"తీసెయ్యండి."

ఆవిడ మౌస్ నొక్కారు. కనెక్షన్ ఆగింది. చెయ్యి మౌస్ మీదనుంచి తీసేలోపల ఫోను మోగింది. వీరరాఘవయ్య గారు ఎన్ని రింగులో లెక్కపెట్టబోయి మానుకున్నారు.

డాక్టరు గారు అరిచిన అరుపు నాకూ వినిపించింది. "ఎంతసేపట్నుంచి చేస్తున్నానమ్మా! ఎప్పుడూ ఎంగేజే! అది వైరస్సే. తాకినా దూకట్లేదు చూశారా? రిపోర్టు కోసం ఆగొద్దు. ఇవాళే పట్టేయండి."

ఆవిడ ఫోను పెట్టి భర్త వైపు చూశారు. "వల," అన్నారు. అంతే. ఆయన అప్పటికే మోపెడ్ తిప్పుతున్నారు. ఆవిడ ఐసు లారీకి, కొనుగోలుదారుకు ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టారు. ఎవరూ నాకు థ్యాంక్స్ చెప్పలేదు. బేసిన్ కాళ్ళకడ్డం లేకుండా జరపమని మాత్రం ఒకసారి అడిగారు.

చెరువు మొత్తం నేనే దగ్గరుండి పట్టించానని తర్వాత కొందరికి చెప్పాను. నేను జీపులో కూర్చుని అటుకులు తిన్నాను. సాయంత్రానికి పట్టుబడి అయిపోయింది. రొయ్య చిన్నదే, ధర తక్కువే, అయినా పెట్టుబడి తిరిగొచ్చింది. రిపోర్టు కోసం ఆగుదామనుకున్న పక్క చెరువులో ఆ వారాంతానికి పట్టడానికేమీ మిగల్లేదు. రిపోర్టు వచ్చింది, డాక్టరు గారు చెప్పిందే అందులో ఉంది.

మచిలీపట్నానికి నేను ఫోన్ చేసి, నెట్ వాడే చందాదార్లకు కాల్ వెయిటింగ్ అడగనిదే పెట్టొద్దని చెప్పాను. అడిగినవాళ్ళకే పెట్టమని పైనుంచి ఎవరూ చెప్పలేదు కదా అన్నారు డివిజనల్ ఇంజనీరు గారు. కోడూరులో మాత్రం నెట్ ఉన్న ప్రతి ఇంటికీ వెళ్ళి, కావాలా వద్దా అని అడిగి తీసేశాం. చాలామంది అలాంటిది ఒకటి ఉందనే ఎరగరు.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఇది. మా టెస్టులన్నీ లైను ఖాళీగా ఉన్నప్పుడు చేసేవి. ఖాళీగా ఉన్నప్పుడు ఆ లైను గాజులాంటిదే. తీగలో లోపం లేదు, మోడెంలో లేదు, ఎక్స్ఛేంజిలో లేదు. కాల్ వెయిటింగ్ కూడా పుస్తకంలో రాసినట్టే పనిచేసింది. ఒక్కొక్కటీ విడిగా సరిగ్గా ఉన్నవి కలిసినప్పుడు ఏమవుతుందో చూడటానికి మా దగ్గర మీటరు లేదు. ఆ మీటరు మనుషుల అలవాట్లలో ఉంటుంది, దాన్ని అడిగి తెలుసుకోవాలి. అందుకని ఆ తర్వాత నెట్ తెగుతోందని ఎవరు ఫిర్యాదు చేసినా, ఏడుకొండలును స్తంభమెక్కించక ముందు ఒక ప్రశ్న అడిగేవాణ్ణి: మీరు నెట్‌లో ఉన్నప్పుడు మీకు ఫోన్ చేసేదెవరండీ, చేస్తే వాళ్ళకి ఏం వినపడుతుంది?

సగం ఫిర్యాదులు ఆ ప్రశ్నతోనే తీరిపోయాయి. సగం అనడం ఎక్కువే. కొన్ని తీరాయి. మిగతావాటికి నిజంగానే ఉప్పు పట్టింది.